స్థానిక చరిత్ర సంఘాలు (దుబ్బాక, సిద్దిపేట ప్రాంతం)

ఊళ్లలోని శాసనాలు, విగ్రహాలు, పాత గుళ్లు, ఆదిమ సమాధులు వంటి వారసత్వ సంపదను గుర్తించి, నమోదు చేసి, కాపాడేందుకు పనిచేసే స్వచ్ఛంద బృందాలు. చేనేతకు పేరొందిన దుబ్బాక 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో ఉంది. అంతకుముందు మెదక్ జిల్లాలో భాగం.

నేపథ్యం: నిజాం రాజ్యంలో ఈ కృషికి పునాది వేసింది హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి. కొమర్రాజు లక్ష్మణరావు స్మారకంగా ఆ పేరు పెట్టుకున్న ఈ సంస్థ 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటాన్ని ప్రచురించింది. నిజాం రాజ్యం బయట, రాజమండ్రిలో ఇలాంటి కృషికే 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది.

ప్రస్తుత కృషి: శ్రీరామోజు హరగోపాల్ కన్వీనరుగా కొత్త తెలంగాణ చరిత్ర బృందం వివిధ జిల్లాల ఔత్సాహికులను ఒక్కతాటిపైకి తెచ్చింది. ఊరివాళ్లు ఆనవాలు చెబుతారు, సభ్యులు వెళ్లి ఫొటోలు, కొలతలు తీస్తారు, లిపి తెలిసినవారు చదివి కాలం నిర్ణయిస్తారు. శాసనానికి నకలు తీసేటప్పుడు ముందు రాతిని శుభ్రంగా కడుగుతారు. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంటల్లోని అక్షరాలు తెల్లగా తేలుతాయి.

తవ్వకాలు: తవ్వకాలు జరిపే అధికారం ఈ సంఘాలకు లేదు, అందుకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. నంగునూరు మండలం నర్మెట్టలోని బృహత్ శిలాయుగపు సమాధులను 2017లో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వించింది. అక్కడి ఒక సమాధి పైకప్పు బండ బరువు సుమారు 40 టన్నులు.