పంపినవారెవరు? ఈ-మెయిల్ ధ్రువీకరణ రికార్డులు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఉత్తరం కవరుమీద పంపినవారి చిరునామాగా ఎవరి పేరైనా రాయవచ్చు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వెలువరించిన ఎస్.ఎం.టి.పి. నియమావళిలోనూ పంపినవారిని నిర్ధారించే ఏర్పాటు లేదు. పరస్పరం ఎరిగిన పరిశోధకుల మధ్య అది లోపంగా తోచలేదు. అయాచిత ప్రకటనలు అంతకుముందే ఉన్నాయి. 1978 మేలో గ్యారీ థ్యూర్క్ అనే కంప్యూటర్ సంస్థ ఉద్యోగి ఆర్పానెట్‌లో వందలాదిమందికి ఒకే ప్రకటన పంపాడు. అయితే ఆయన తన పేరు దాచుకోలేదు. తరువాతి స్పామ్ పంపకందార్లు ఇతరుల పేర్లు వాడుకున్నారు.

2. రికార్డుల ఆవిర్భావం

తొలినాటి వడపోత ప్రధానంగా సందేశంలోని మాటలను పరీక్షించేది. మాటలు మార్చి దాన్ని తప్పించుకోవడం సాధ్యమే. అందువల్ల దృష్టి పంపినవారివైపు మళ్లింది. 2003లో మెంగ్ వెంగ్ వాంగ్ ప్రతిపాదించిన ఎస్.పి.ఎఫ్. ప్రకారం, తమ పేరుతో మెయిల్ పంపడానికి అనుమతి ఉన్న సర్వర్ల జాబితాను డొమైన్ యజమానులు డి.ఎన్.ఎస్.లో ప్రకటిస్తారు. స్వీకరించే సర్వర్ దానితో సరిపోల్చుకుంటుంది. 2004లో యాహూ ప్రకటించిన డొమైన్‌కీస్, సిస్కో పద్ధతితో కలిసి 2007లో డి.కె.ఐ.ఎం.గా రూపొందింది. ఇందులో సందేశానికి డిజిటల్ సంతకం ఉంటుంది; దాన్ని సరిచూసే బహిరంగ కీ డి.ఎన్.ఎస్.లో ఉంటుంది.

3. పరిమితులు

ఎస్.పి.ఎఫ్. పరీక్షించేది పాఠకునికి కనిపించే పేరును కాదు, సర్వర్ల మధ్య నడిచే కవరు చిరునామాను. మెయిల్‌ను మరొక సర్వర్ ముందుకు పంపితే ఈ పరీక్ష తరచూ విఫలమవుతుంది. దారిలో పాఠం మారితే డి.కె.ఐ.ఎం. సంతకం చెల్లదు. కనిపించే పేరును ఈ పరీక్షలతో ముడిపెట్టి, విఫలమైన సందేశాన్ని ఏం చేయాలో యజమానే సూచించే వీలును 2012లో వెలువడిన డి.ఎమ్.ఎ.ఆర్.సి. కల్పించింది.

అయినా స్పామ్ పంపేవారు సైతం సొంత డొమైన్ కొని సక్రమమైన రికార్డులు పెట్టగలరు. కాబట్టి పరీక్షలో నెగ్గడం సందేశం మంచిదనడానికి సాక్ష్యం కాదు. పేరు నిజమైనదని తేలితే ఆ పేరుకు గతచరిత్రను జోడించి చూడవచ్చు. వడపోతకు వీటి అసలు ప్రయోజనం ఇదే.

4. ముగింపు

2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు భారీసంఖ్యలో మెయిళ్లు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు సంబంధించి గూగుల్ పెట్టిన హద్దు రోజుకు 5000. అడగకుండానే నమ్మిన వ్యవస్థ నాలుగు దశాబ్దాలకు గుర్తింపు అడిగే స్థితికి వచ్చింది. ఇందులో రక్షణ ఉంది. ఎవరైనా సర్వర్ నెలకొల్పి మెయిల్ పంపగల తొలినాటి సౌలభ్యం కొంత తగ్గిందన్నదీ నిజమే. సాహిత్య పరిశోధనలో కర్తృత్వం తేలినంతమాత్రాన కావ్యగుణం తేలదు. ఇక్కడా అంతే: రికార్డు కర్తను చూపుతుంది, గుణనిర్ణయం మిగిలే ఉంటుంది.