కువైట్ ‘ఆజాద్ వీసా’: డబ్బు కట్టే ముందు కాగితం చూడండి

మైలవరం, విజయవాడ నుంచి కువైట్ వెళ్లాలనుకునే మన కుర్రాళ్లకు ఏజెంట్లు చూపే ఆశ ‘ఆజాద్ వీసా’. అక్కడికెళ్లి నచ్చిన పని చేసుకోవచ్చంటారు. కువైట్ చట్టంలో అలాంటి వీసా లేదు. వర్క్ పర్మిట్‌కు అర్జీ పెట్టేది కూడా మనం కాదు, అక్కడి కఫీల్.

వీసా కాగితంలో ఆర్టికల్ నంబరు చూడండి. 18 అంటే ప్రైవేటు కంపెనీ, 20 అంటే ఇంటిపని. డ్రైవర్, వంటమనిషి కూడా 20లోకే వస్తారు. 20 మీద వెళ్లి షాపులో పనిచేస్తూ దొరికితే వెనక్కి పంపేస్తారు. తర్వాత 18కి మారదాంలే అనుకుంటే మామూలుగా కుదరదు. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు అవకాశం ఇచ్చి మూసేశారు.

ఇక మన వైపు. టెన్త్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్. వాళ్లకు ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్, 10 లక్షల ప్రవాసీ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసాపై పంపుతామనేవాడు ఇవన్నీ ఎగ్గొడుతున్నట్టే. ఏజెంటు లైసెన్సు అదే సైట్లో తెలుస్తుంది. ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు అడగండి, మొహమాటం వద్దు.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే అక్కచెల్లెళ్లకు 30 ఏళ్లు నిండాలి. వాళ్లు ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి.