రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో సైటోకైన్లు: పరిశోధన చరిత్ర

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంలో రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేస్తుంది. ఆ దాడిని నడిపించేవి సైటోకైన్లు. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లివి. కీలు లోపలి సైనోవియల్ పొర మామూలుగా ఒకటి రెండు వరుసల కణాలంత పల్చగా ఉంటుంది. ఈ జబ్బులో మాక్రోఫేజ్‌లు, టి కణాలు, బి కణాలు అక్కడికి చేరడంతో పొర దళసరెక్కి, మృదులాస్థిని, ఎముక అంచులను తినేస్తూ పోతుంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోవడమూ కష్టమయ్యేది ఈ వాపు వల్లే. వయసు పైబడ్డాక వచ్చే మోకాళ్ల అరుగుదల దీనికి భిన్నమైన జబ్బు. సైటోకైన్లను అడ్డుకునే మందులు దానిమీద ఇంతవరకు చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు.

వాపెక్కిన పొర మృదులాస్థిని ఎలా కరిగిస్తుందన్నది మొదట ఎదురైన ప్రశ్న. 1970లలో కేంబ్రిడ్జ్‌లోని స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలలో పంది కీళ్ల పొరను, మృదులాస్థిని కలిపి పెంచి చూశారు. పొర నుంచి వెలువడే ఒక పదార్థం మృదులాస్థి తనను తానే కరిగించుకునేలా చేస్తోందని తేలింది. దానికి కేటబాలిన్ అని పేరు పెట్టారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 అనే సైటోకైన్ అని 1980ల మధ్యలో రుజువైంది.

ఈ కథలో రెండో ముఖ్యమైన ప్రోటీన్‌కు తొలుత కీళ్లతో సంబంధమే లేదు. ఎలుకల్లో కణితులను చంపే పదార్థంగా న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం 1975లో దాన్ని గుర్తించి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పిలిచింది. క్లుప్తంగా టీఎన్‌ఎఫ్. 1984లో దాని జన్యువు చేజిక్కాక పరిశోధన వేగం పుంజుకుంది. ఇదీ మృదులాస్థిని కరిగిస్తుందని పరిశోధకుడు జెరెమీ సక్లత్‌వాలా 1986లో చూపించారు.

అప్పటికి చిక్కు మరింత పెద్దదైంది. రోగుల కీళ్లలో వెతికినకొద్దీ కొత్త సైటోకైన్లు బయటపడుతున్నాయి. ఒకటి చేసే పని మరొకటీ చేస్తుంది కాబట్టి, ఏదో ఒక్కదాన్ని ఆపి ప్రయోజనం ఉండదని చాలామంది భావించారు. ఆ అభిప్రాయాన్ని మార్చింది లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైని కలిసి చేసిన పని. రోగుల కీళ్ల నుంచి తీసిన కణాలను గాజుపాత్రలో పెంచితే, బయటి ప్రేరణ ఏదీ లేకుండానే రోజుల తరబడి సైటోకైన్లు విడుదల చేశాయి. జబ్బు ఒక పాత్రలోకి ఒదిగినట్టే అయింది. ఆ కణాలకు టీఎన్‌ఎఫ్‌ను పట్టేసే యాంటీబాడీని కలిపితే ఇంటర్‌ల్యూకిన్-1 ఉత్పత్తి కూడా పడిపోయిందని 1989లో వారి బృందంలోని ఫియోనా బ్రెన్నన్ తదితరులు ప్రకటించారు. అరిగిన కీళ్ల కణాల్లో ఈ మార్పు కనబడలేదు. అంటే ఈ ప్రోటీన్లన్నీ సమానం కావు. టీఎన్‌ఎఫ్ పైమెట్టున ఉండి మిగతావాటిని పురిగొల్పుతోంది. 1992లో ఎలుకల మీద జరిపిన ప్రయోగమూ దీన్నే బలపరిచింది.

మనుషుల మీద పరీక్షించడానికి మందు సిద్ధంగానే దొరికింది. సెంటోకార్ సంస్థ సెప్సిస్ అనే తీవ్ర ఇన్‌ఫెక్షన్ స్థితిని దృష్టిలో పెట్టుకుని తయారుచేయించిన యాంటీబాడీ అది. తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయింది. 1992లో లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో అప్పటి మందులేవీ పనిచేయని 20 మందికి దాన్ని ఎక్కించారు. ఆరు వారాల్లో వాచిన కీళ్ల సంఖ్య మధ్యస్థ విలువ 18 నుంచి 5కు దిగింది. అయితే మందు ఆగిన కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. 73 మందితో జరిపిన నియంత్రిత పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్న 24 మందిలో 19 మందికి గుణం కనిపించగా, ఉత్తుత్తి మందు తీసుకున్న 24 మందిలో ఇద్దరికే కనిపించింది. అమెరికాలో ఈ జబ్బుకు 1998లో ఎటనర్‌సెప్ట్, 1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, 2002 చివర అడలిముమాబ్ అనుమతి పొందాయి. ఫెల్డ్‌మన్, మైనిలకు 2003లో లాస్కర్ పురస్కారం దక్కింది.

ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే అనకిన్రా 2001లో వచ్చింది గాని, అంత పేరున్న సైటోకైన్ నుంచి ఆశించినంత ఫలం రాలేదు. ఇంటర్‌ల్యూకిన్-6 విషయం వేరు. కాలేయం చేత సి-రియాక్టివ్ ప్రోటీన్ (సీఆర్‌పీ) తయారు చేయించేది అదే. రక్తపరీక్షలో సీఆర్‌పీ పెరగడానికి, రోగుల్లో రక్తహీనతకు ప్రధాన కారణం ఇదే. జపాన్‌లో తదమిత్సు కిషిమోతో బృందం 1986లో దాని జన్యువును వేరుచేసింది. దాని గ్రాహకాన్ని మూసేసే టోసిలిజుమాబ్‌కు 2008లో ఆ దేశంలోనే కీళ్లవాతానికి అనుమతి లభించింది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన టోఫాసిటినిబ్ దారి మరొకటి. సైటోకైన్ తెచ్చిన సంకేతాన్ని కణం లోపల అందుకునే జేఏకే ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. పైగా సూది అక్కర్లేదు, మాత్ర వేసుకుంటే చాలు.

టీఎన్‌ఎఫ్‌కు మరో ముఖం ఉంది. ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను కణాల గడ్డలో బంధించి ఉంచడానికి అది తప్పనిసరి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 మందికి క్షయ బయటపడినట్టు 2001లో ప్రచురితమైన నివేదిక వెల్లడించింది. అప్పటి నుంచి ఈ మందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్షలు చేయడం ఆనవాయితీ అయింది. క్షయ ఎక్కువగా ఉన్న భారతదేశంలో ఈ జాగ్రత్తను కొట్టిపారేయడానికి లేదు. ఇక్కడి రెండో అడ్డంకి ధర. అడలిముమాబ్‌కు జైడస్ సంస్థ తయారుచేసిన బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, 2014 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చాక అది కొంత దిగింది. అయినా మెథోట్రెక్సేట్ వంటి చవకైన పాత మందులతో మొదలుపెట్టి, అవి చాలనప్పుడే వీటివైపు వెళ్లడం వైద్యుల పద్ధతి.