నల్ల వైర్ న్యూట్రలా, ఫేజా? గోదావరి గట్టు నుంచి ఆస్ట్రేలియా దాకా ఎలక్ట్రీషియన్ కాగితం కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. త్రీ ఫేజ్ ప్యానెల్ తెరిస్తే అందులో నల్ల వైర్ ఉంటుంది కదా, అదేంటి? ఖమ్మంలో ఏ ఐటీఐ కుర్రాడిని నిద్రలో లేపి అడిగినా న్యూట్రల్ అనే చెప్తాడు. మనకి అలవాటైన లెక్క ఇది: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్.

ఇప్పుడు అదే కుర్రాడు లండన్‌లో ప్యానెల్ తెరిచాడనుకోండి. అక్కడ కొత్త వైరింగ్‌లో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులు. నీలం న్యూట్రల్. అంటే మన దగ్గర న్యూట్రల్ అయిన నలుపు అక్కడ ఫేజ్, మన దగ్గర ఫేజ్ అయిన నీలం అక్కడ న్యూట్రల్. పూర్తిగా తిరగబడింది. తమాషా ఏంటంటే, ఇంగ్లండ్‌లో కూడా పాత రంగులు మనవే. యూరప్‌తో కలవడం కోసం 2004లో మార్చడం మొదలుపెట్టి, 2006 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. కాబట్టి అక్కడి పాత ఇళ్ళల్లో పాత రంగులూ ఉంటాయి, కొత్తవీ ఉంటాయి. పదేళ్ళ అనుభవం ఉన్నవాడు అలవాటు కొద్దీ చెయ్యి పెడితే ఆ అలవాటే ప్రాణం తీస్తుంది.

మరి పని వచ్చినవాడు దేశం మారితే మళ్ళీ పరీక్ష రాయాలా? కొంతమంది ఇది అవమానం అంటారు. కొంతమంది రూల్ అంటే రూలే అంటారు. రెండింట్లోనూ సగం నిజం ఉంది. ఆ సగాలేంటో చూడ్డానికి మనం ముందు భద్రాచలం వెళ్దాం. ఎందుకంటే అక్కడ మనుషులు ఊరు కదలకపోయినా, సరిహద్దే కదిలింది. అదీ ఒకసారి కాదు.

1860లో నిజాం ఈ భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేశాడు. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిసింది. ఆ తర్వాత 1948 దాకా గోదావరికి ఉత్తరం గట్టున భద్రాచలం మద్రాసు వాళ్ళది, దక్షిణం గట్టున బూర్గంపాడు నిజాం వాళ్ళది. పడవెక్కి ఏరు దాటితే రాజ్యం మారేది, చెల్లే రూపాయి కూడా మారేది. అటు హాలీ సిక్కా, ఇటు ఇంగ్లీషు రూపాయి. ఆ రోజుల్లో ఈ అడవి ఊళ్ళల్లో కరెంటు లేదు కాబట్టి ఎలక్ట్రీషియన్‌కి సమస్య రాలేదు, అంతే!

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకి వచ్చాయి. అదే 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు కూడా మొదలైంది. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. 1966లో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ నడిచింది. 1976 నుంచి చింతూరు అడవుల్లో, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం యూనిట్లు ఒక్కొక్కటీ పని మొదలుపెట్టాయి. నాలుగు యూనిట్లు, ఒక్కోటి 115 మెగావాట్లు, మొత్తం 460. కొత్తగూడెం, ఇల్లందు వైపు సింగరేణి గనులు, సారపాకలో పేపరు బోర్డు ఫ్యాక్టరీ. ఇవన్నీ కలిపి చూస్తే ఈ అడవి అంచున ఎలక్ట్రీషియన్ పని ఎక్కడ నేర్చుకున్నారో అర్థమవుతుంది. కొంతమంది ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి అప్రెంటిస్‌గా చేరారు. ఇంకొంతమంది కాంట్రాక్టర్ వెంట హెల్పర్‌గా వెళ్ళి చూసి చూసి నేర్చుకున్నారు. పని ఇద్దరికీ వచ్చు. కాగితం మాత్రం మొదటివాడికే ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇక చట్టం సంగతి. 1910లో ఇంగ్లీషు వాళ్ళు ఇండియన్ ఎలక్ట్రిసిటీ యాక్ట్ చేశారు. దాని కింద 1956లో వచ్చిన రూల్స్ వైరింగ్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలి, పర్మిట్ ఉన్నవాడితో చేయించాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ చూడాలి అన్నాయి. ఈ లైసెన్సులు ఇచ్చేది ఢిల్లీ కాదు, రాష్ట్రం. అంటే వైర్‌మ్యాన్ పర్మిట్ అనేది ఆ మనిషి చేతికి ఇచ్చిన మెప్పు మాత్రమే కాదు, ఫలానా సరిహద్దు లోపల పని చేసుకోమని ఇచ్చిన అనుమతి కూడా.

సరిహద్దు మళ్ళీ 2014లో కదిలింది. మే నెలాఖర్లో ఆర్డినెన్స్, జూలైలో పార్లమెంటు ఆమోదం. పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళింది. భద్రాచలం టౌన్ తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రాలోకి పోయింది. దిగువ సీలేరు కూడా చింతూరు మండలంతో పాటే అటు వెళ్ళింది. కరెంటు లైన్లు చూసే కంపెనీ వరంగల్‌ది కాస్తా విశాఖపట్నంది అయ్యింది. ఎటపాకలో ఇల్లు, భద్రాచలంలో పని ఉన్న వైర్‌మ్యాన్ రోజూ పొద్దున బండి మీద రెండు నిమిషాల్లో రాష్ట్రం దాటుతున్నాడు. అతని చెయ్యి అదే, ప్లయర్ అదే, వోల్టేజీ అదే. మారింది కాగితం మీద రాష్ట్రం పేరు. ఇక్కడ రూల్ వెనక భద్రత కారణం ఏమీ లేదు, పాలన గీసిన గీత ఉంది.

ఇప్పుడు ఆస్ట్రేలియా వెళ్దాం. అక్కడ కూడా 230 వోల్టులే, 50 సైకిల్సే. మరి తేడా ఎక్కడ? ఎర్తింగ్ దగ్గర. మన పల్లెల్లో ఇంటికి విడిగా ఎర్త్ గుంత తవ్వుతాం, ఉప్పు, బొగ్గు వేసి రాడ్ దింపుతాం. న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. ఇంట్లో న్యూట్రల్‌ని, ఎర్త్‌ని కలపకూడదు అనేది మనకి మొదటి పాఠం. ఆస్ట్రేలియాలో మెయిన్ స్విచ్‌బోర్డులో ఆ రెండింటినీ కావాలనే ఒక లింక్‌తో కలుపుతారు, వాళ్ళ నెట్‌వర్క్ అంతా ఆ లెక్కతోనే కట్టారు. అక్కడ ఆ లింక్ పెట్టకపోతే ప్రమాదం. ఇక్కడ ఇష్టమొచ్చినట్టు కలిపితే, న్యూట్రల్ తెగిన రోజు ఫ్రిజ్ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. ఒక చోట ప్రాణం కాపాడే పని ఇంకో చోట ప్రాణం తీస్తుంది. కాబట్టి ఈ కొంత భాగం మళ్ళీ నేర్చుకోవాల్సిందే, ఇందులో అవమానం ఏమీ లేదు.

ఆస్ట్రేలియా పద్ధతి కూడా ఈ తేడాని గుర్తించింది. ముందు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ తరఫున స్కిల్స్ అసెస్‌మెంట్ ఉంటుంది. చదువు, ఉద్యోగం ఆధారాలు చూస్తారు, ఆ తర్వాత పని తెలుసో లేదో పరీక్షిస్తారు. పాసైతే ఆఫ్‌షోర్ టెక్నికల్ స్కిల్స్ రికార్డు ఇస్తారు. దాంతో అక్కడి రాష్ట్రంలో ప్రొవిజనల్ లైసెన్స్ తీసుకుని, ఒకరి పర్యవేక్షణలో 12 నెలలు పని చేస్తూ, స్థానిక రూల్స్ మీద గ్యాప్ ట్రైనింగ్ పూర్తి చెయ్యాలి. అప్పుడు పూర్తి లైసెన్స్‌కి దారి. అంటే నీకు ఏమీ రాదు, మొదటి నుంచి రా అనట్లేదు. నీకు వచ్చింది వచ్చు, మాది నేర్చుకో అంటున్నారు. టెక్సాస్‌లో లెక్క వేరు. జర్నీమ్యాన్ లైసెన్స్‌కి మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో 8,000 గంటలు పని చేసి, పరీక్ష రాయాలి. రోజుకి ఎనిమిది గంటల చొప్పున లెక్కేసుకుంటే దాదాపు నాలుగేళ్ళు. సౌదీ కూడా 2021లో స్కిల్ వెరిఫికేషన్ మొదలుపెట్టింది, ఎలక్ట్రీషియన్లకి మన దేశంలోనే పరీక్ష పెడుతున్నారు. మంచిదే, ఎందుకంటే గల్ఫ్‌లో వీసా మీద ఎలక్ట్రీషియన్ అని ఉంటే ఒక జీతం, హెల్పర్ అని ఉంటే ఇంకో జీతం.

ఇక్కడ నాలాంటి బీటెక్ వాళ్ళం ఒక విషయం ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు డల్లాస్‌లో దిగితే ఎవరూ లైసెన్స్ అడగరు. కోడ్ తప్పు రాస్తే చాలాసార్లు రాత్రికి రాత్రి సరిచేసుకోవచ్చు. వైర్ తప్పు కలిపితే ఆ అవకాశం ఉండదు. అందుకే వాళ్ళకి ఇన్ని మెట్లు. ఆ మెట్లెక్కి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్ళని మనం మన డిగ్రీ చూసుకుని తక్కువగా చూడటం మాత్రం న్యాయం కాదు.

అసలు అన్యాయం పరీక్షలో లేదు, పరీక్ష గది దాకా రానివ్వని కాగితాల్లో ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, కాంట్రాక్టర్ వెంట తిరిగి నేర్చుకున్నవాడి గురించి. పన్నెండేళ్ళు ప్లాంటులో పని చేసి ఉంటాడు, పే స్లిప్ ఉండదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉండదు, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా సర్వీసు సున్నా. పాల్వంచలో పాత యూనిట్లు మూతపడి, 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లని కూల్చేశారు. అలాంటి చోట పని చేశానని చెప్పడానికి చూపించే టవరు కూడా ఉండదు. కాగితం ఒక్కటే సాక్ష్యం.

అందుకే మీ ఇంట్లో, మీ వీధిలో ఎలక్ట్రీషియన్ అన్నలు, తమ్ముళ్ళు ఉంటే ఈ మాట చెప్పండి. ఐటీఐ సర్టిఫికెట్, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, వైర్‌మ్యాన్ పర్మిట్ స్కాన్ చేసి పెట్టుకోమనండి. పని వదిలే రోజే కాంట్రాక్టర్ దగ్గర లెటర్ అడగమనండి. అందులో తేదీలు, చేసిన పనులు, అంటే మోటార్ వైండింగా, ప్యానెల్ వైరింగా, హెచ్‌టీ లైనా, వివరంగా రాయించుకోమనండి. జీతం బ్యాంకులో పడేలా చూసుకోమనండి. ఏ దేశం వెళ్ళినా అక్కడి రంగులు, అక్కడి ఎర్తింగ్ కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు. పోయిన పదేళ్ళ సర్వీసుకి లెటర్ మాత్రం అక్కడికెళ్ళాక పుట్టదు.

ఎటపాక, చింతూరు, కూనవరం వైపు వైర్‌మ్యాన్ పని చేసేవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, 2014 తర్వాత మీ పర్మిట్ సంగతి ఏమైందో కింద రాయండి. మీ అనుభవాలతో ఇంకో ఎపిసోడ్ చేద్దాం.