నీరు ముందు కొలిమికి, తరవాతే పడవకి

1911 డిసెంబరు 2న, తరవాత జంషెడ్‌పూర్ అయిన సాక్చీలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము బయటికి వచ్చింది. ఆ ఏడాదే మద్రాసులో పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ పూనుకుని తెరచాప పడవల క్లబ్ ఒకటి పెట్టారు. ఇవాళ మనం రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ అంటున్నది దాన్నే. అంతకు ముందు తూర్పు తీర రైలుమార్గం పనుల్లో ఇంజనీరుగా ఉన్నదీ స్ప్రింగ్ దొరే. తరవాతి రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఖరగ్‌పూర్‌కీ, అక్కణ్నుంచి మనం టాటా అని పిలుచుకునే జంషెడ్‌పూర్‌కీ బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చింది ఆ దారినే.

సముద్రం ఒడ్డున తెరచాపలు, అడవి మధ్య కొలిమి, రెండూ ఒకే ఏడాది మొదలయ్యాయి. ఆ కాలం నాటి యాట్ క్లబ్బుల చరిత్ర చదివినప్పుడల్లా నాకు మా జంషెడ్‌పూర్ నీళ్ళ చరిత్ర పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. నీరు ఎవరిది, ముందు ఎవరికి, చివరికి ఎవరికి అన్న ప్రశ్నకి ఈ రెండు చరిత్రలూ వేరువేరు జవాబులు చెబుతాయి.

బ్రిటిష్ వాళ్ళు ఎక్కడ పెద్ద నీరు చూస్తే అక్కడ పడవల క్లబ్ పెట్టుకున్నారు. బొంబాయిలో 1846లోనే యాట్ క్లబ్ పుట్టింది, 1876లో దానికి రాయల్ అన్న బిరుదు దక్కింది. హిమాలయాల్లో నైనితాల్ సరస్సు మీద 1910లో మరో క్లబ్ వచ్చింది. పందేలు, కప్పులు, సాయంత్రం విందులు, జెండా కొయ్య కింద బల్లలు అన్నిచోట్లా ఒకే తీరు. సభ్యత్వమూ అంతే. బొంబాయి క్లబ్ గుమ్మం చాలాకాలం భారతీయులకు మూసే ఉంది. అపోలో బందర్‌లో ఆ క్లబ్‌కి కూతవేటు దూరంలోనే 1903 డిసెంబరులో తాజ్ మహల్ హోటల్ తెరుచుకుంది. డబ్బు చెల్లించగలవాడు ఏ జాతివాడైనా అక్కడ గది తీసుకోవచ్చు. కట్టించినవారు జంషెట్‌జీ నసర్వాన్‌జీ టాటా. మా ఊరికి పేరిచ్చిన మనిషి ఆయనే.

జంషెట్‌జీ ఈ ఊరిని కళ్ళారా చూడలేదు. 1904 మే నెలలో జర్మనీలో కన్నుమూశారు. అంతకు రెండేళ్ళ ముందే, 1902లో, పెద్దకొడుకు దోరాబ్‌జీకి రాసిన ఉత్తరంలో ఉక్కు కర్మాగారం పక్కన కట్టబోయే ఊరు ఎలా ఉండాలో చెప్పారు. నీడనిచ్చే చెట్లతో వెడల్పాటి వీధులు, పచ్చిక బయళ్ళు, తోటలు, ఫుట్‌బాల్‌కీ హాకీకీ మైదానాలు, గుళ్ళకీ మసీదులకీ చర్చిలకీ స్థలాలు ఉండాలన్నారు. ఊరు ఎక్కడ కట్టాలో ఎవరికీ తెలియని రోజుల్లోనే కూలివాడికి ఆటస్థలం ఉండాలన్న మాట కాగితం మీదికి వచ్చేసింది.

ఆ చోటు కోసం ఏళ్ళ తరబడి వెతికారు. 1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ బోస్ రాసిన ఉత్తరం మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని ఇనుప కొండల వైపు దారి చూపింది. ఖనిజం ఒకవైపు, ఝరియా బొగ్గు మరోవైపు. రెంటికీ నడుమ రైలు కావాలి, అన్నిటికీ మించి నీరు కావాలి. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, కాలీమాటి రైల్వే స్టేషన్‌కి దగ్గరలో ఉన్న సాక్చీ అనే చిన్న పల్లెలో ఈ నాలుగూ కుదిరాయి. మా ఊరు నీటిని చూసి పుట్టిన ఊరు.

ఆ నీటి స్వభావం చెప్పాలి. సుబర్ణరేఖ రాంచీ దగ్గర పుట్టి, హుండ్రూ దగ్గర జలపాతమై దూకి, దల్మా కొండల పక్కగా మా వైపు వస్తుంది. ఖర్కాయి మయూర్‌భంజ్ కొండల్లోంచి వస్తుంది. ఊళ్ళోని సోనారీ చివర దోముహానీలో రెండూ కలుస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో ఆ సంగమం దగ్గర నిలబడితే ఎర్రటి వరద చెట్ల మొదళ్ళు ఈడ్చుకుపోతూ కనిపిస్తుంది. వైశాఖానికి అదే చోట బండలు బయటపడి, నడుమ సన్నటి పాయలు పారుతుంటాయి. తెరచాప పడవకి ఏడాది పొడుగునా లోతు కావాలి, అడ్డులేని విశాలం కావాలి, నిలకడైన గాలి కావాలి. ఈ నదుల్లో నాలుగు నెలలు ఉరవడి, మిగిలిన నెలలు బండరాళ్ళు. బొంబాయి రేవులా, నైనితాల్ సరస్సులా విలాసానికి తేరగా దొరికే నీరు కాదిది. అడ్డుకట్ట వేసి, తోడి, దాచుకుంటేనే మనిషికి అందుతుంది.

అలాగే చేశారు. సుబర్ణరేఖకి అడ్డంగా ఆనకట్ట కట్టి, పంపులు పెట్టి, నీటిని కర్మాగారానికి ఎక్కించారు. ఎందుకంత తొందర అంటే, బ్లాస్ట్ ఫర్నేస్ బతికేది నీటి మీదే. లోపల ఇనుము కరిగే వేడి. ఆ వేడిలోకి గాలి ఊదే రాగి గొట్టాల మూతులు గోడలోంచి లోపలికి పొడుచుకుని ఉంటాయి. వాటి పొరల మధ్య నీరు ఎడతెగకుండా పారుతూ ఉంటేనే రాగి నిలుస్తుంది. పారకం ఆగితే మూతి కరుగుతుంది, నీరు కొలిమిలోకి దిగుతుంది, పెద్ద ప్రమాదమవుతుంది. అందుకే ఫర్నేస్ మీద పనిచేసేవాళ్ళు నిప్పుని ఎంత కనిపెట్టి ఉంటారో బయటికి పడే నీటి ధారల్నీ అంత కనిపెట్టి ఉంటారు. వేడెక్కిన నీరు చెరువులోకి పోయి, చల్లారి, మళ్ళీ కొలిమి చుట్టూ తిరుగుతుంది. ఈ ఊళ్ళో తొలినాటి నీటికి పని అది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా దాకా ఇక్కడి రైలు పట్టాలు వెళ్ళాయి. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరుపెట్టారు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

ఇంతలో మనుషులు వచ్చేశారు. 1911 జనాభా లెక్కల్లో 5,672 మంది ఉన్న చోట 1921 నాటికి 57,360 మంది. బెంగాలీలు, పంజాబీలు, బిహారీలు, ఒడియాలు, ఛత్తీస్‌గఢీలు, మన తెలుగువాళ్ళు. ఈ నేల మీద ముందునుంచీ ఉన్న సంతాలులు, హో, భూమిజ్, మహతోలు. అందరికీ తాగేనీరు కావాలి. జూలియన్ కెనెడీ సంస్థ గీసిన మొదటి పటంలో పెద్ద ఉద్యోగుల బంగళాలకు ఉత్తరాన మెరకనేల దక్కింది. కూలీలు ఎక్కడ చోటు దొరికితే అక్కడ బస్తీలు కట్టుకున్నారు. 1920లో ఎఫ్. సి. టెంపుల్ అనే శానిటరీ ఇంజనీరు కొత్త పటం గీసినప్పుడు నేల వాలుని చదివాడు. మెరక వెంట రోడ్లు వేయాలి, పల్లంలో వాగుల్ని ఖాళీగా పచ్చగా వదిలేయాలి అన్నది అతని పద్ధతి. వాన పడితే నీరు తన దారిన తాను పోతుంది. ఇవాళ్టికీ మా ఊళ్ళో పాత భాగంలో నడిస్తే రోడ్డు ఎందుకు వంపు తిరిగిందో, పక్కన చెట్ల వరస ఎందుకు పల్లంలోకి దిగిందో అర్థమవుతుంది.

క్లబ్బులూ వచ్చాయి. మా ఊరి దొరల క్లబ్ నీటి ఒడ్డున కాకుండా గడ్డి మీద పెరిగింది. బెల్డిహ్ క్లబ్, దాని గోల్ఫ్ మైదానం, చుట్టూ బంగళాలు. ఒప్పందం మీద అమెరికా నుంచీ ఇంగ్లండ్ నుంచీ వచ్చిన నిపుణులకు, తరవాత పెద్ద ఉద్యోగులకు అది సాయంకాలపు చోటు. ఊళ్ళోని బిష్టుపూర్‌లో టిస్కో (టాటా ఉక్కు కంపెనీ) ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అదే తరవాత యునైటెడ్ క్లబ్ అయింది. హోదాని బట్టి ఇల్లు, హోదాని బట్టి క్లబ్. ఈ విషయంలో మా ఊరు బొంబాయి, మద్రాసుల కంటే మెరుగని నేను చెప్పలేను. 1920లో, 1928లో జరిగిన సమ్మెల వెనక జీతాలతో పాటు ఈ దూరం కూడా ఉంది. 1925లో గాంధీజీ వచ్చి కార్మికులతోనూ యాజమాన్యంతోనూ మాట్లాడారు. 1928 సమ్మెలో సుభాస్ చంద్రబోస్ కార్మిక సంఘం పగ్గాలు పట్టారు. 1938లో జహంగీర్ గాంధీ జనరల్ మేనేజర్ అయ్యేదాకా ఆ కుర్చీలో భారతీయుడు కూర్చోలేదు.

మన తెలుగువాళ్ళు క్లబ్ గుమ్మాల వైపు చూస్తూ కూర్చోలేదు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ పెట్టుకున్నారు. షిఫ్టు దిగాక భజనకీ, నాటకానికీ, పంచాంగ శ్రవణానికీ అక్కడికే చేరేవారు. చందా వేసుకుని, గుడి ముంగిట కూర్చుని, ఉగాది పచ్చడి పంచుకుని కూడా ఒక ఊరు తనకంటూ క్లబ్ కట్టుకోగలదు.

ఇక నీటి ఒడ్డు. అది ఎప్పుడూ ఈ నేల మనుషులదే. మకర సంక్రాంతికి మనం ముగ్గులు వేసే రోజున దోముహానీలో తుసు మేళా జరుగుతుంది. వెదురుబద్దలతో కట్టి రంగుకాగితాలు అతికించిన చౌడల్‌లను తలల మీద మోస్తూ, డప్పులతో పాటలతో ఊళ్ళకి ఊళ్ళు నదికి దిగుతాయి. పండిన ధాన్యం ఇంటికి చేరిన సంతోషం అది. చౌడల్‌లో కొన్ని మనిషి ఎత్తుకు మించి ఉంటాయి. వాటిని నీళ్ళలోకి దించుతుంటే పచ్చ, గులాబి కాగితాల రంగు కాసేపు పాయలో కరిగి పారుతుంది. కార్తీకంలో ఛఠ్ పూజకి అవే రేవుల్లో మొలలోతు నీళ్ళలో ఆడవాళ్ళు సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. ఈ ఒడ్డున సభ్యత్వం అడిగేవాడు లేడు.

1940వ దశకంలో దల్మా కొండల అడుగున డిమ్నా జలాశయం వచ్చింది. ఊరికి పదమూడు కిలోమీటర్ల దూరం. వేసవిలో నది సన్నబడినప్పుడు ఊరికీ కర్మాగారానికీ అదే ఆసరా. మూడువైపులా కొండలు, నడుమ నిండు నీరు, ఇవాళ చలికాలపు ఆదివారాల్లో వంటసామాన్లతో సహా ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అందం గురించి చెప్పినప్పుడు రెండోమాట కూడా చెప్పాలి. ఆ నీటి కింద జనం దున్నుకున్న పొలాలున్నాయి. భూమి పోయినవారి మనుమలు ఇప్పటికీ తమకు న్యాయం జరగలేదని అడుగుతున్నారు. మన కుళాయిలో నీళ్ళు పడుతున్నంతకాలం ఆ మాట వినే బాధ్యత మన మీద ఉంది.

చివరికి ఆట కోసం నీరు వచ్చింది. టాటా ఉక్కు కంపెనీ యాభై ఏళ్ళ పండుగకి ఊరికి కానుకగా జూబ్లీ పార్క్ తయారైంది. మైసూరు బృందావన్ గార్డెన్స్ ఒరవడి. తోటల రూపం గీసింది బెంగళూరు లాల్‌బాగ్‌కి పేరు తెచ్చిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్, ఆయనతోపాటు బి. ఎస్. నిరోడి. క్రుంబీగల్ 1956లోనే పోయాడు, తోట తెరుచుకోవడం చూడలేదు. 1958 మార్చి 1న ప్రధాని నెహ్రూ పార్కును ప్రారంభించారు. జంషెట్‌జీ బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడిందీ ఆ రోజే. పార్కులో జయంతి సరోవరం ఉంది, దాని మీద పడవలు తిరిగాయి. సాక్చీ నుంచి సైకిల్ మీద వచ్చిన ఫిట్టర్ కుటుంబమూ, బంగళా నుంచి కారులో వచ్చిన మేనేజర్ కుటుంబమూ ఒకే రేవులో టికెట్ కొని పడవ ఎక్కాయి. ఏటా మార్చి 3న, వ్యవస్థాపకుడి పుట్టినరోజుకి, ఆ పార్కు దీపాలతో వెలుగుతుంది. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

నీటి ఆటలో మా ఊరు సాధించిన పెద్ద పని ఒకటుంది. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రి పాల్. ఆ ఏడాదే మొదలైన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ని ఆమె ఈ ఊళ్ళో ఉండి నడిపారు. 1994లో ఆమె నాయకత్వంలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు మూడు రాఫ్ట్‌ల మీద హరిద్వార్ నుంచి కలకత్తా దాకా గంగ మీద 2,155 కిలోమీటర్లు ప్రయాణం చేశారు. ముప్పై తొమ్మిది రోజులు పట్టింది. బొంబాయి క్లబ్ పెట్టినవారు ఊహించని సిబ్బంది ఇది, ఊహించని దారి ఇది.

యాట్ క్లబ్బుల తొలినాటి చరిత్ర నీటిని కొందరి సొత్తు చేసిన చరిత్ర. మా ఊరి నీరు కొలిమికి పని చేసి, కుళాయికి వచ్చి, యాభై ఏళ్ళ తరవాత అందరి ఆటకి అందింది. ఆలస్యంగా వచ్చినా గుమ్మం లేకుండా వచ్చింది. దాన్ని అలాగే నిలబెట్టుకోవడం ఇప్పుడు మన వంతు. సుబర్ణరేఖలోకి, ఖర్కాయిలోకి మురుగు వదలకుండా అడ్డుకుందాం. టెంపుల్ వదిలేసిన వాగుల్ని పూడ్చి ఇళ్ళు కట్టనివ్వకుండా చూద్దాం. డిమ్నా నిర్వాసితుల మాట వినమని అధికారులని అడుగుదాం. మన గుడిలో, మన అసోసియేషన్‌లో జరిగే ఏ సభలోనైనా ఈ నీళ్ళ సంగతి ఒక్కసారి ఎత్తండి. టాటాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళుగా ఈ నదులకు మనం తీర్చుకోవలసిన రుణం అది.