పోచంపల్లి పాత ఇళ్లు: ఒక పూట నడిచి చూడండి

హైదరాబాద్ నుంచి పోచంపల్లి పోయేవాళ్లలో చాలామంది షాపు ముందు కారు ఆపి, రెండు చీరలు కొనుక్కుని, అదే కారులో వెనక్కి వచ్చేస్తారు. ఆ చీర ఎలాంటి ఇంట్లో తయారైందో చూడాలంటే ఒక పూట ఆగి వీధుల్లో నడవాలి. గైడ్ అక్కర్లేదు. ఊరు చిన్నదే, అడిగితే ఎవరైనా దారి చెప్తారు.

భూదాన్ పోచంపల్లి పాత నల్గొండ జిల్లాలోది. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా కిందికి వచ్చింది. ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే మీద కొంత దూరం పోయాక ఎడమవైపు తిరగాలి. సిటీ నుంచి దాదాపు 45-50 కిలోమీటర్లు. పొద్దున్నే చేరుకుంటే మంచిది. ఎండ ముదరకముందే వీధిలో పని జరుగుతుంది, అదే అసలు చూడాల్సింది.

చెరువు దగ్గరున్న టూరిజం కాంప్లెక్స్‌లో మ్యూజియం ఉంది. నడక అక్కడ మొదలుపెట్టొచ్చు, కానీ ఎక్కువసేపు ఉండకండి. ఎందుకంటే ఈ ఊళ్లో అసలు మ్యూజియం నేతకారుల వీధులే.

ఆ వీధుల్లో పాత ఇల్లు కనిపిస్తే ముందు బయటి నుంచే చూడండి. వీధి వైపు అరుగు, మధ్యలో చెక్క దర్వాజ, రెండు పక్కల గోడలో దీపం పెట్టుకునే చిన్న గూళ్లు (మన ఇళ్లల్లో తాఖ్ అంటాం, అవే). గోడలు మందంగా ఉంటాయి, రాయి, మట్టి, సున్నంతో కట్టినవి. పైన పెంకులు. కొన్నిచోట్ల మట్టి మిద్దె. అంటే దూలాలు వేసి, వాటి మీద చెక్కలు పరిచి, పైన మట్టి దట్టంగా వేసిన కప్పు. ఎండాకాలంలో లోపల చల్లగా ఉండేది ఈ గోడల వల్ల, ఈ కప్పు వల్లే.

లోపలికి రమ్మంటే ఇంటి లెక్క అర్థమవుతుంది. ఇంట్లో మంచి జాగా, వెలుతురు బాగా పడే జాగా మగ్గానిది. వంట, పడక, సామాన్లు అన్నీ మిగిలిన చోట సర్దుకోవాల్సిందే. నేలలో గుంత తవ్వి ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి చెక్కలు తొక్కుతాడు. అందుకే దాన్ని గుంత మగ్గం అంటారు. నేలలో ఉన్న తడి వల్ల పడుగు దారం ఎండిపోయి తెగదు. అదే తడి వానాకాలంలో ఎక్కువై గుంతలోకి నీళ్లొస్తే పని ఆగిపోతుంది, దారం పాడవుతుంది. మగ్గానికి మేలు చేసే మట్టి నేలే నష్టమూ చేస్తుందన్నమాట.

మగ్గానికి పక్కన, చాలాసార్లు వసారాలో, ఆసు కనిపిస్తుంది. అర్ధచంద్రాకారంలో మేకులు ఉన్న చట్రం అది. చిట్కి కట్టి రంగులు అద్దడానికి ముందు పేక దారాన్ని ఆ మేకుల చుట్టూ వేలసార్లు తిప్పాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక చీర ఆసు పోయడానికి గంటలు పడుతుంది, భుజాలు పట్టేస్తాయి. ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూసి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు వీధిలోకి రండి. పొడవైన పడుగును వీధి పొడవునా సాగదీసి సరిచేస్తారు, ఇంట్లో అంత జాగా ఎక్కడిది? వీధి కూడా ఇంట్లో భాగమే అనుకుని పక్కకు జరిగి నడవండి, బైక్ మీద ఉంటే దిగండి.

నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాకు ఇంకో విషయం కనిపించింది. ఫ్యాక్టరీ పెట్టేవాడు షెడ్డు అద్దె, కరెంటు, రిపేర్లు అన్నీ ఖర్చులో రాసుకుంటాడు. ఇక్కడ ఫ్యాక్టరీ అంటే నేతకారుని ఇల్లే. మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసే మనిషికి చీరకు ఇంత అని లెక్క కడతారు. మగ్గం ఉన్న గదికి అద్దె, పెంకులు మార్చిన ఖర్చు ఎవరి పుస్తకంలోనూ ఎక్కవు. ఇల్లు పాతబడినప్పుడు ఆ భారం మొత్తం ఆ కుటుంబం మీదే పడుతుంది. అందుకే పాత ఇల్లు పడగొట్టి స్లాబ్ వేసుకునేవాళ్లను తప్పుపట్టలేం. కోతులు పెంకులు పగలగొడుతుంటే, కురిసే కప్పు కింద పట్టు దారం ఎట్లా పెట్టుకుంటారు? అయితే కొత్త ఇంట్లో టైల్స్ వేశాక గుంత తవ్వేవాళ్లు తక్కువ. గుంత పూడితే ఆ ఇంట్లో ఆ పని అక్కడితో ఆగిపోయినట్టే.

పేరుకు తక్కువేం లేదు. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో జీఐ గుర్తింపు వచ్చింది. 2014లో దేశంలోని ప్రసిద్ధ చీర నేత కేంద్రాలతో కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. జీఐ మాత్రం గుడ్డకు రక్ష, గోడకు కాదు.

తర్వాత నూటొక్క దర్వాజల ఇల్లు ఎక్కడ అని అడగండి. ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తారు. భూస్వాముల కాలం నాటి పెద్ద ఇల్లు. దర్వాజలు లెక్కపెట్టాలని పిల్లలు ఉత్సాహపడతారు, పెట్టనివ్వండి. ఇన్ని దర్వాజలు గొప్ప కోసమే కట్టారని అనుకోవద్దు. మందపు గోడల ఇళ్లల్లో గాలి, వెలుతురు రావాలంటే దర్వాజకు ఎదురు దర్వాజ ఉండాలి. తెలంగాణ పెద్ద ఇళ్లల్లో మధ్యన ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు మామూలే. మన పాత దేవిడీల్లో సహన్, దాలాన్ ఉండేది కూడా ఇదే పద్ధతిలో. దర్వాజ, కమాను, బురుజు అన్న మాటలు ఉర్దూ ఇళ్లల్లో ఎట్లా పలుకుతారో ఇక్కడి వడ్రంగి, మేస్త్రి కూడా అట్లాగే పలుకుతారు.

చివరగా వినోబా భావే మందిరం. 1951 ఏప్రిల్ 18న వినోబా ఈ ఊరికి వచ్చినప్పుడు సాయుధ పోరాటం చివరి రోజులు నడుస్తున్నాయి. దళితవాడలో 40 కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరులో భూదాన్ చేరింది. ఇక్కడ నిలబడినప్పుడు ఒక సంగతి గమనించండి. పెద్దింటి దర్వాజలు ఉన్నాయి, నేతకారుల పెంకుటిళ్లు కొన్నైనా ఉన్నాయి. ఆ రోజు భూమి అడిగినవాళ్లు ఉన్న గుడిసెలు మాత్రం చూద్దామన్నా దొరకవు. మట్టి, తాటాకు ఎన్నేళ్లు నిలుస్తాయి? పాత ఇళ్ల జాబితా ఎవరు రాసినా ఆ మూడో రకం ఇల్లు అందులో ఉండదు.

కొన్ని జాగ్రత్తలు. ఇవి జనం ఉంటున్న ఇళ్లు, సలాం చెప్పో నమస్తే చెప్పో అడిగాకే లోపలికి వెళ్లండి. మగ్గం మీదున్న డిజైన్ ఫొటో అడగకుండా తీయొద్దు. అది వాళ్ల పెట్టుబడి, ఫొటో చూసి కాపీ కొట్టి ప్రింట్ గుడ్డ అమ్మేవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు ఆసు దగ్గర ఉంటే ఇంకాస్త ఆగి అడగండి. కొనేదుంటే మగ్గం దగ్గరైనా, సొసైటీలోనైనా కొనొచ్చు, బేరం మాత్రం కూలి గుర్తుపెట్టుకుని చేయండి.

ఇంకా టైమ్ ఉంటే చౌటుప్పల్ దాటి పుట్టపాక వెళ్లొచ్చు. 2020లో జీఐ వచ్చిన తేలియా రుమాల్ ఊరు అది. నూనె పట్టించిన నూలుతో నేసే ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు ఎగుమతి అయ్యేవి. అక్కడా మగ్గాలు ఇళ్లలోనే ఉంటాయి.