చెప్పిన నోరు, చేసిన చేయి

పసిపిల్లల పెంపకం మీద తెలుగునాట సలహాలకు ఏనాడూ కరువు రాలేదు. పురుటింటి ముసలమ్మ చెప్పింది, ఆయుర్వేదం ఆచారిగారు చెప్పారు, పత్రిక చెప్పింది, రేడియో చెప్పింది, డాక్టరు చెప్పాడు, ఇప్పుడు ఫోను చెబుతోంది. ప్రకాశం జిల్లాలో ఏ.ఎన్.ఎం.గా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన నేనూ ఆ చెప్పేవాళ్ళలో ఒకతెనే. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని పాత సంగతులు చదువుతూ, నేను చూసినవి వాటి పక్కన పెట్టుకుంటే ఒక్క విషయం తేలింది. తల్లులు సలహా మంచిదా చెడ్డదా అని మాత్రమే చూడలేదు. చెప్పిన మనిషి చేయి కూడా వేసిందా, చెప్పి పోయిందా అని చూశారు.

పాతరోజుల నుంచే మొదలుపెడదాం. కాన్పు మంత్రసాని చేసేది. ఆ తరువాత తల్లీబిడ్డా పుట్టింటి పెద్దల చేతిలో ఉండేవారు. ముసలమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు చాపేది. బిడ్డను ఆ కాళ్ళమీద బోర్లా వేసుకుని ఆముదమో నువ్వులనూనో పట్టించి, సున్నిపిండితో నలుగుపెట్టి, మోచేతితో వేడి చూసుకుని చెంబుతో నీళ్ళు పోసేది. తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి, గుడ్డలో చుట్టి తల్లికి అందించేది. ఆ వేళంతా తల్లి నిద్రపోయేది. ఇవాళ డాక్టర్లు బాలింతకు నిద్ర కావాలని కాగితం మీద రాసిస్తారు. ఆ ముసలమ్మ నిద్రను చేతికిచ్చేది.

అలాగని ఆ కాలాన్ని నేను నెత్తిన పెట్టుకోను. అదే చేయి ముర్రుపాలు పిండి పారబోసింది. చిక్కగా, పసుపు రంగులో ఉన్నాయి కాబట్టి చెడ్డపాలన్నారు. బిడ్డకు దక్కాల్సిన మొదటి రక్షణ నేలపాలైంది, నోట్లో తేనె పడింది. నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేసేవారు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసం వచ్చిన పిల్లల్ని నేను చూశాను. కామెర్లకు వాతలు పెట్టారు. బాలింతకు పత్యం పేరుతో మంచినీళ్ళకు కూడా లెక్క కట్టారు. మా ఊళ్ళలో నేను సగం కాలం ఈ పనులు మాన్పించడానికే తిరిగాను. ఒక్కరోజు కూడా మానని ఇళ్ళున్నాయి, ఒక్కమాటకే మానిన ఇళ్ళున్నాయి. మానిన ఇళ్ళలో సాధారణంగా నేను ముందు బిడ్డకు నీళ్ళు పోసి, తరువాత నోరు విప్పాను.

వస సంగతి మరీ తమాషా. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్మును సానరాయి మీద అరగదీసి, తల్లిపాలలో రంగరించి నాలుకకు రాసేవారు. ఎక్కువైతే వాంతులు అవుతాయి కాబట్టి వద్దనేదాన్ని. ఒక అవ్వ నన్ను నిలదీసింది: “మా ఇంటో అందరికీ నాకించా సిస్టరమ్మా, అందరూ వసపిట్టల్లా మాట్టాడతన్నారు, నువ్వేమో వద్దంటివి.” నిజమే, ఆ ఇంట్లో అందరూ మాటకారులే. ఎందుకంటే ఆ అవ్వ పొద్దున వస అరగదీసినప్పటి నుంచి రాత్రి జోకొట్టేదాకా బిడ్డతో మాట్లాడుతూనే ఉండేది. కాకిని చూపించి మాట్లాడేది, కుండతో మాట్లాడేది, ఊకొట్టించుకునేది. పేరు వసకు వచ్చింది. పనిచేసింది అవ్వ నోరు.

సలహా అచ్చులోకి ఎక్కింది 19వ శతాబ్దం చివర్లో. కందుకూరి వీరేశలింగం 1883లో ఆడవాళ్ళ కోసమే ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టారు. దేహారోగ్యం మీద స్త్రీల కోసం విడిగా పుస్తకం కూడా రాశారు. 1902లో ‘హిందూసుందరి’ వచ్చింది, దానికి సంపాదకులూ స్త్రీలే. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ మొదలుపెట్టారు. ఆయన మా వైపు మనిషే, ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టారు. కటిక పేదరికంలో చిన్నతనాన మద్రాసు చేరి, వైద్యం నేర్చి, స్త్రీల కోసం తయారుచేసిన ‘లోధ్ర’తో పేరూ డబ్బూ సంపాదించారు. ఆ డబ్బుతోనే పత్రిక నడిపారు.

ఇక్కడ సలహా, చేయి విడిపోయాయి. 1901 జనాభా లెక్కల్లో దేశంలోని ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. పత్రిక చదివిన ఆ ఒక్కావిడకు శుభ్రత తెలిసింది, గాలీ వెలుతురూ ఉన్న గది కావాలని తెలిసింది. కానీ పురుటిగది తలుపు తీసే అధికారం ఆమెకు లేదు, అది అత్తగారిది. అచ్చైన సలహా వెంట సరుకు కూడా నడిచొచ్చింది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో విలియం వుడ్‌వర్డ్ చేసిన గ్రైప్‌వాటర్ మన ఇళ్ళల్లో మందు కాదు, ఇంటి మనిషి అయిపోయింది. పాత తయారీలో ఆల్కహాలు ఉండేదని తెలియక నాలుగు తరాల అమ్మమ్మలు కడుపునొప్పికి అది పోశారు. పాలడబ్బా మీద బొద్దు పాపాయి బొమ్మ చూసి, తన పాలు చాలడంలేదేమోనని అనుమానపడ్డ తల్లులకు లెక్కలేదు. డబ్బాల ప్రకటనలకు అడ్డుకట్ట వేస్తూ దేశంలో చట్టం వచ్చేసరికి 1992 అయింది.

పిల్లల మనసు గురించి మన భాషలో గట్టిగా మాట్లాడినవాళ్ళు తక్కువ. చలం మాట్లాడాడు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా బెత్తాలు, గోడకుర్చీలు కళ్ళారా చూసిన మనిషి కాబట్టి ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని కొట్టడం మీద, భయపెట్టడం మీద తిరగబడ్డాడు. మిగతా రచనల కోసం చలాన్ని తిట్టినవాళ్ళూ మెచ్చుకున్నవాళ్ళూ ఈ పుస్తకం దగ్గర పెద్దగా ఆగలేదు. బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 2009లో, విద్యాహక్కు చట్టంతో. అప్పటికి చలం పోయి 30 ఏళ్ళు. ఇంకోవైపు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు చెప్పడం పక్కనపెట్టి చేసి చూపించారు. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా మద్రాసు కేంద్రంలో పిల్లలచేతనే పాడించారు, ఆడించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లవాడి మాట పెద్దలు చెవిపెట్టి వినడం ఎలా ఉంటుందో తెలుగు ఇళ్ళకు వినిపించింది వాళ్ళ రేడియో కార్యక్రమమే.

ఇక సూది. మశూచిని అమ్మవారు పోసింది అనేవారు. వేపమండలు కట్టి, చల్లచేసి, ఆమె దిగిపోవాలని మొక్కేవారు. టీకాలవాడు ఊళ్ళోకొస్తే పిల్లల్ని గాదెల వెనక దాచేవారని మా అమ్మ చెప్పేది. ఆమె జబ్బమీద టీకా మచ్చ రూపాయి బిళ్ళంత ఉండేది. 1975 మే తరువాత దేశంలో మశూచి కేసు లేదు. క్షయకు బి.సి.జి. వచ్చినప్పుడు పరీక్షల్లో ముందు వరుసలో నిలిచింది మన రాయలసీమే. 1915 నుంచి క్షయ శానిటోరియం నడిచిన మదనపల్లె ఆరోగ్యవరం చుట్టుపక్కల, 1950లో ఈ టీకా ఎంతవరకు కాపాడుతుందో తేల్చే పరిశోధన పెట్టారు. వ్యతిరేకించినవాళ్ళు చదువురాని పల్లెజనమే అనుకుంటే పొరపాటు. అంతకుముందే మద్రాసు ముఖ్యమంత్రి పదవి దిగిన రాజాజీ 1955లో ఈ టీకాల ఉద్యమం వద్దని ఏకంగా పుస్తకమే రాశారు. టీకాలంటే భయం వాట్సాప్‌తో పుట్టలేదు.

ఆ భయం ఎక్కడ తగ్గుతుందో నేను డి.పి.టి. సూది దగ్గర నేర్చుకున్నాను. ఆ సూది వేస్తే ఆ రాత్రి బిడ్డకు జ్వరం వస్తుంది, తొడ గట్టిపడుతుంది. చెప్పే వేస్తాం, అయినా అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డ ముందు నా మాట ఎవరికి గుర్తుంటుంది? “మంచిగున్న బిడ్డకు సూదేసి జరం తెప్పించింది” అని వీధి వీధంతా తెలిసేది. అందుకని సూదులు వేసిన మర్నాడు ఖాళీ చేతులతో మళ్ళీ వెళ్ళేదాన్ని. వ్యాక్సిన్ క్యారియర్ ఉండదు, రిజిస్టరు ఉండదు. తడిగుడ్డ పెట్టి, బిడ్డకు తగిన మోతాదులో పారాసిటమాల్ బిళ్ళ పొడిచేసిచ్చి, కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. రెండో డోసుకు ఆ ఇళ్ళు తలుపు మూయలేదు. ఆ రెండో రోజు రాకపోకలు రాయడానికి మా రిజిస్టర్లలో గడి లేదు.

మాడు దిగడం ఇంకో కథ. విరేచనాలు పట్టుకుంటే “నీళ్ళు తాగిస్తే ఇంకా పారతాయి” అని గొంతు తడపనిచ్చేవారు కాదు. నీళ్ళు ఇంకిపోయి పసివాడి నడినెత్తి గుంట పడితే మాడు దిగిందని ఆముదం అద్దేవారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి, కన్నవాళ్ళ చేతే పిల్లలకు తాగించారు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్నచోట నలుగురిలోపుకు చావులు దిగాయి. డాక్టరు చేతిలో పని తల్లి చేతికి రావడమే అక్కడ జరిగిన వింత. నేను ఇంటింటికీ చెప్పింది అదే కొలత: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపాక ముందు మీరు చప్పరించండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి అనేదాన్ని. ఆ ఇంటి చెంచాతోనే కలిపేదాన్ని. నా చెంచాతో కలిపి చూపిస్తే నేను వెళ్ళాక కొలత మారిపోతుంది. ఉప్పేసిన గంజి కూడా పనికొస్తుందన్నప్పుడు మాత్రం ముసలమ్మలు నావైపు తిరిగేవారు. గంజి వాళ్ళది.

తిండి విషయంలోనూ అంతే. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, చిక్కిపోయిన పిల్లల కోసం ‘హైదరాబాద్ మిక్స్’ అని ఒకటి తయారుచేసింది. అందులో ఉన్నవి వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లం. మా నాయనమ్మ బియ్యమూ పెసరపప్పూ వేయించి, విసిరి, నెయ్యి వేసి ఉడికించిన ఉగ్గుకు అది దగ్గర చుట్టం. రేచీకటి విషయంలో మాత్రం వంటిల్లు ఓడిపోయింది. ఆ సంస్థ పరిశోధన ఆధారంగా 1970లో ఆరునెలలకొకసారి విటమిన్ ఎ పోయడం మొదలైంది. చీకటిపడితే తడుముకునే పిల్లలు మా ఊళ్ళలో క్రమంగా కనబడటం మానేశారు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన అంగన్‌వాడీ ఆ తరువాత మా సబ్ సెంటరుకు కుడిభుజం అయింది. 1995 నుంచి పల్స్ పోలియో. చుక్కలు వేసి చిటికెనవేలికి సిరా గీత పెట్టడం, రాని పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగి గోడమీద సుద్దతో గుర్తు పెట్టడం. 2011 జనవరి తరువాత దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్ కేసు లేదు. రేడియోలో ఎన్నిసార్లు మోగించినా ఆ గోడ గుర్తులు లేకుండా అది అయ్యేది కాదు.

ఇప్పటి తల్లులకు వందేళ్ళలో ఏ తల్లికీ లేనంత సమాచారం ఉంది. పక్కన మనిషి లేదు. హైదరాబాదులో పదకొండో అంతస్తులో ఇద్దరే, బిడ్డతో ముగ్గురు. అమెరికాలో కాన్పైతే ఆర్నెల్లకు ఇటునుంచి అమ్మ, తరువాతి ఆర్నెల్లకు అటునుంచి అత్తగారు విమానం ఎక్కుతున్నారు. ఎక్కలేని ఇంట్లో బిడ్డ ఏడిస్తే ఫోను ఇస్తారు. ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మంచి మాటే. ఆ గంట దాటిన వేళ బిడ్డను ఎవరెత్తుకుంటారో అది చెప్పదు, చెప్పలేదు. మాటలు ఆలస్యమైన పిల్లల్ని డాక్టరు దగ్గరకు తీసుకువచ్చే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు వస అవ్వే గుర్తుకొస్తుంది. వస కొట్లో దొరుకుతుంది, అవ్వ దొరకదు.

కన్నతల్లి మనసు కూడా ఇందులోదే. బాలింత ఊరికే ఏడుస్తుంటే పూర్వం గాలి సోకిందన్నారు, ఇప్పుడు ‘అన్నీ ఉన్నాయిగా, ఏం తక్కువ’ అంటున్నారు. రెండు మాటల్లోనూ ఆమెను అడిగింది లేదు. కాన్పయ్యాక కొన్ని రోజులు దిగులు సహజం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించడం లేదంటే, అది డాక్టరుకు చూపించాల్సిన జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది, డబ్బు కట్టనక్కరలేదు. ఆ నంబరు చెప్పి వచ్చేయకండి. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.

నా పాత ఉద్యోగం గుర్తుపెట్టుకుని ఇప్పటికీ పిల్లల గురించి అడిగేవాళ్ళున్నారు. టీకా తేదీ తప్ప వేరే సలహా నేను ముందుగా చెప్పను. బిడ్డ పుట్టిన ఇంటికి వెళితే చేతులు కడుక్కుని బిడ్డను అందుకుంటాను, తల్లిని గంటసేపు పడుకోమంటాను. లేచాక ఆమె అడిగినదానికి జవాబు చెబుతాను. మీరూ అంతే చేయండి. ఆ గంట ఇవ్వలేనప్పుడు సలహా కూడా అప్పటికి దాచుకోవచ్చు.